మతి తప్పిన ముసలితనం – ఇంటివారి బాధ్యత

అల్లాహ్ కొందరిని అతి హీనమైన వయస్సుకు చేరుస్తాడనీ, అప్పుడు అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియనివాడైపోతాడనీ దివ్యఖుర్‌ఆన్ రెండు చోట్ల (నహ్ల్: 70, హజ్జ్: 5) తెలియజేసింది. దైవప్రవక్త (స) ఆ స్థితి నుండి అల్లాహ్ శరణు కోరేవారని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉల్లేఖించారు (బుఖారి). అది పాపఫలమని గాని, జిన్ను పట్టిందని గాని అక్కడ ఎక్కడా లేదు. అయినా దాదీ తాళంచెవి ఎక్కడో పెట్టి మరచి, కోడలే దొంగిలించిందని అంటే, మనవాళ్ళు తావీజుల కోసం పరుగెత్తుతారు. లేదా ముసలి చాదస్తమని వదిలేస్తారు.

ముందు వెళ్ళవలసింది వైద్యుని వద్దకు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లోపం, తీవ్రమైన దిగులు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిని సరిచేస్తే చాలామంది కోలుకుంటారు. ఒకటి రెండు రోజుల్లోనే తికమక మొదలైతే అసలు ఆలస్యం చేయరాదు. 1906లో జర్మన్ వైద్యుడు అల్జీమర్ వివరించిన వ్యాధి మాత్రం మెల్లగా ముదురుతుంది, దాన్ని పూర్తిగా నయంచేసే మందు లేదు. ముసలితనం తప్ప ప్రతి రోగానికీ మందు ఉందన్న హదీసు (అబూదావూద్, తిర్మిజీ) వైద్యం చేయించుకోమని చెప్పిన సందర్భంలోనిదే.

ఇక నమాజు. జుహ్ర్ చదివిన అరగంటకే అబ్బాజాన్ మళ్ళీ వుజూకు లేస్తారు. పదిమందిలో గద్దించకండి. రకాతుల లెక్కలో తరచూ సందేహం వచ్చేవారు మనసు గట్టిగా మొగ్గిన సంఖ్యను, ఎటూ మొగ్గకపోతే తక్కువ సంఖ్యను తీసుకుని సజ్దా సహ్వ్ చేయాలని హనఫీ పండితులు చెప్పారు. ఇంట్లో ఒకరు ఇమామై నిలబడితే ఆ చిక్కే ఉండదు. తెలివి పూర్తిగా పోయినవారి నుండి కలం ఎత్తబడింది, వారిపై నమాజు గాని ఉపవాసం గాని విధి కావు. తెలివి ఉండి శక్తి లేని వృద్ధులకే ఫిద్యా.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది ఆస్తి విషయం. మతి నిలవని తల్లి చేత వేలిముద్ర వేయించుకుని ఇల్లు ఒక కొడుకు పేర హిబా చేయించుకున్న సంగతులు వింటున్నాం. ఇచ్చేవారికి తెలివి లేనప్పుడు హిబా చెల్లదు. అది అక్కచెల్లెళ్ళ వారసత్వపు వాటాను కాజేయడమే. బుద్ధిబలం లేని రుణగ్రస్తుని తరఫున సంరక్షకుడు న్యాయంగా రాయించాలని బఖరా సూరా (282) ఆదేశించింది. ఆమె డబ్బు ముందు ఆమె తిండికి, మందులకు ఖర్చు కావాలి. లెక్క రాసి పెట్టండి.

తల్లిదండ్రులను విసుక్కోవద్దన్న ఆజ్ఞ (బనీ ఇస్రాయీల్: 23) వారు మీ వద్దే వృద్ధాప్యానికి చేరిన సందర్భాన్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది. ఆ మాట కొడుకులకూ కూతుళ్ళకూ చెప్పబడింది. కానీ మన ఇళ్ళలో రాత్రి మేలుకునేది ఒక్క కోడలే! రాత్రి కాపలా అన్నదమ్ములు వంతులు వేసుకోవాలి. అర్ధరాత్రి బయటికి వెళ్ళిపోకుండా తలుపుకు పైగడియ పెట్టండి, జేబులో ఫోన్ నంబరు రాసి ఉంచండి. సేవ చేసేవారికే మనసు కుంగితే ప్రభుత్వ టెలీ మానస్ (14416) కు ఫోన్ చేయవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.