రూటర్ ఇంటర్‌ఫేస్: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: సిస్కో రూటర్ పోర్టుకు ఐపీ అడ్రస్ ఇచ్చి, కేబుల్ సరిగా బిగించినా అది పనిచేయకపోవడానికి కారణమేమిటి?

జవాబు: అడ్రస్ ఇవ్వడం వేరు, పోర్టును తెరవడం వేరు. సిస్కో రూటర్లలో భౌతిక ఇంటర్‌ఫేస్‌లు, అంటే కేబుల్ వచ్చి చేరే పోర్టులు, సాధారణంగా తొలుత మూసిన స్థితిలోనే ఉంటాయి. స్విచ్ పోర్టులు మొదటి నుంచీ తెరిచే ఉంటాయి కనుక, స్విచ్‌లకు అలవాటుపడినవారు ఈ తేడాను తరచూ విస్మరిస్తారు. కాన్ఫిగరేషన్ మోడ్‌లో 'ఇంటర్‌ఫేస్ గిగాబిట్ఈథర్నెట్ 0/0' అన్న ఆదేశంతో పోర్టును ఎంచుకొని, 'ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0' అని అడ్రస్‌తోపాటు సబ్‌నెట్ మాస్క్‌ను, అంటే అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో తెలిపే సంఖ్యను ఇచ్చి, ఆ తరువాత 'నో షట్‌డౌన్' అనే ఆదేశంతో దానిని తెరవాలి. ఇదే సబ్‌నెట్‌లోని మరో అడ్రస్‌ను రెండో పోర్టుకు ఇవ్వబోతే రూటర్ సాధారణంగా అంగీకరించదు. వేర్వేరు నెట్‌వర్క్‌లను కలపడమే దాని పని కనుక ఆ నిరాకరణ సబబే.

ప్రశ్న: 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' పట్టికలో స్టేటస్, ప్రోటోకాల్ అనే రెండు గడులు ఎందుకు?

జవాబు: స్టేటస్ గడి భౌతిక సంకేతం అందుతున్నదో లేదో చెబితే, ప్రోటోకాల్ గడి ఆ సంకేతంపై డేటా లింక్ పొర, అనగా ఇరుగుపొరుగు పరికరాల నడుమ సమాచారాన్ని ఫ్రేములుగా కట్టి పంపే అంచె, నడుస్తున్నదో లేదో చెబుతుంది. స్టేటస్‌లో 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అని ఉంటే పోర్టును ఆదేశపూర్వకంగా మూసి ఉంచారని అర్థం. అక్కడ కేబుల్‌ను అనుమానించి ప్రయోజనం లేదు. కేవలం 'డౌన్' అని ఉంటే మాత్రం కేబుల్‌నూ, అవతలి పరికరాన్నీ పరీక్షించవలసిందే. స్టేటస్ అప్, ప్రోటోకాల్ డౌన్ అనే స్థితి ముఖ్యంగా సీరియల్ లింకులలో ఎదురవుతుంది. ఒక కొనలో ఫ్రేములు కట్టే సిస్కో సహజ పద్ధతి అయిన హెచ్‌డీఎల్‌సీ, మరో కొనలో పీపీపీ అనే వేరే పద్ధతి ఉన్నప్పుడు ఫ్రేముల కట్టుబడి కుదరదు. ప్రయోగశాలలో రెండు రూటర్లను నేరుగా సీరియల్ కేబుల్‌తో కలిపినప్పుడు, డీసీఈ కొన, అంటే గడియార సంకేతాన్ని అందించవలసిన కొన, 'క్లాక్ రేట్' లేకుండా మిగిలిపోవడం కూడా ఇందుకు కారణం కావచ్చు. ఈ రెండు గడులనూ చదవకముందే కేబుళ్లు మార్చడం వృథా శ్రమ.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక అమరికలన్నీ చెరిగిపోతే?

జవాబు: ఆదేశాలు ర్యామ్‌లోని రన్నింగ్ కాన్ఫిగ్‌లో మాత్రమే చేరాయన్నమాట. 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' అని ఇస్తే అవి కరెంటు లేకున్నా నిలిచే ఎన్‌వీ ర్యామ్‌లో చేరుతాయి.