మోటారుసైకిలు గొంతు: సైలెన్సరు మార్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు

తెలుగునాట మఫ్లరు అంటే పుష్యమాసపు చలిలో తలకూ చెవులకూ చుట్టుకునే ఉన్నిగుడ్డ. అమెరికాలో అదే మాట వాహనపు పొగగొట్టానికి తగిలించిన లోహపు డబ్బాకు పేరు. తెలుగువారు దీనిని సైలెన్సరు అంటారు. ఆలోచించి చూస్తే రెండూ ఒకే కోవకు చెందిన వస్తువులు. ఒకటి చలి చెవిలో దూరకుండా కాపాడుతుంది, మరొకటి మోత చెవిలో దూరకుండా కాపాడుతుంది.

వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీకి మోతను గురించిన వాదాలు కొత్త కావు. ఆ ఊరిని ఆనుకొని ఉన్న డల్లెస్ విమానాశ్రయంలోనే 1976 మే 24న బ్రిటిష్, ఫ్రెంచి కాంకార్డు విమానాలు రెండూ దిగాయి. వాటి హోరును ఎంతవరకు సహించవచ్చునన్నది ఆనాడు దేశమంతటా పెద్ద చర్చ. 2003లో చివరిసారిగా డల్లెస్‌కు వచ్చిన ఫ్రెంచి కాంకార్డు ఇప్పుడు షాంటిలీలోని ఉద్వార్‌-హేజీ ప్రదర్శనశాలలో మౌనంగా నిలిచి ఉన్నది. అదే ప్రశ్న చిన్న రూపంలో ఇళ్ల ముంగిళ్లలోనూ తలెత్తుతూ ఉంటుంది. కొడుకు మోటారుసైకిలు కొంటాడు. కొద్ది నెలలకు దానితో వచ్చిన సైలెన్సరు తీసి, వేరే కంపెనీ సైలెన్సరు తగిలిస్తానంటాడు. తల్లిదండ్రులు వద్దంటారు. ఎందుకు వద్దో వారికీ, ఎందుకు కావాలో అతనికీ కారణాలు స్పష్టంగా తెలియకపోవడం వల్ల మాట పెరుగుతుంది. ఆ కారణాలను శాస్త్రం చెప్పగలదు.

మోత పుట్టుక

ఇంజనులో ఇంధనం మండిన తరువాత ఎగ్జాస్టు వాల్వు తెరుచుకుంటుంది. అధిక పీడనంలో ఉన్న వేడి వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఆ దూకుడే పీడన తరంగం, ఆ తరంగమే శబ్దం. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ప్రతి రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. కనుక నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఒంటి సిలిండరు ఇంజను సెకనుకు 25 సార్లు ఇలా దూకుతుంది. ఇది బండి శబ్దంలోని మంద్రస్థాయి. దీనిపై 50, 75, 100 చొప్పున ఎన్నో పైస్థాయి ధ్వనులు పేరుకొని చెవిని పొడుస్తాయి.

సైలెన్సరు ఈ తరంగాలను రెండు విధాలుగా అణచివేస్తుంది. మొదటిది పరావర్తనం. డబ్బాను గదులుగా విభజించి, గదికీ గదికీ మధ్య చిన్న గొట్టాలు అమరుస్తారు. ఇరుకు గొట్టంలోంచి వెడల్పు గదిలోకి వచ్చిన తరంగంలో కొంత భాగం వెనుకకు మళ్లుతుంది. మళ్లిన తరంగపు శిఖరం ఎదురు వచ్చే తరంగపు లోయతో కలిసినప్పుడు రెండూ రద్దవుతాయి. రెండవది శోషణం. సన్నని రంధ్రాలు గల గొట్టం చుట్టూ గాజు ఉన్ని వంటి పదార్థం కూరుతారు. శబ్దశక్తి ఆ పోగుల మధ్య రాపిడికి గురై వేడిగా మారిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క చూడవచ్చు. గది ఉష్ణోగ్రతలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. 400 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల పొగలో అది సుమారు 520 మీటర్లు. సెకనుకు 500 కంపనాలు గల ధ్వనికి ఆ వేడిలో తరంగదైర్ఘ్యం ఒక మీటరు పైచిలుకు. దానిలో నాలుగవ వంతు జానెడు పొడవుకు కొంచెం ఎక్కువ. అటువంటి గదిని డబ్బాలో తేలికగా అమర్చవచ్చు. కాని 25 కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం 20 మీటర్లు దాటుతుంది. దానిలో నాలుగవ వంతే ఐదు మీటర్లు. అంత పొడవు ఏ మోటారుసైకిలుకూ పట్టదు. అందువల్లనే ఎంత మంచి సైలెన్సరు నుంచి అయినా గంభీరమైన దుడుదుడు ధ్వని కొంత మిగిలే ఉంటుంది.

శబ్దం శక్తికి గుర్తు కాదు

మోత పెరిగితే బలం పెరిగినట్లు తోస్తుంది. ఇది చెవి చేసే మోసం. పొగకు అడ్డం తగ్గితే ఎక్కువ చుట్ల దగ్గర కొద్దిపాటి లాభం ఉండవచ్చును. కాని గొట్టపు పొడవూ వెడల్పూ ఇంజనుతో లెక్క కుదిరి ఉంటాయి. ఆ లెక్క తప్పితే తక్కువ చుట్ల దగ్గర లాగుడు తగ్గుతుంది. యెజ్డీ, రాజ్‌దూత్ వంటి టూస్ట్రోక్ బండ్లు తెలుగునాట తిరిగిన రోజులలో మెకానిక్కులు సైలెన్సరు విప్పి, లోపల పేరుకున్న మసిని కాల్చి శుభ్రం చేసేవారు. కొందరు కుర్రవాళ్లు లోపలి బాఫిల్‌ను తీసివేయించేవారు. టూస్ట్రోక్ బండిలో వెనుకకు మళ్లే తరంగమే, బయటికి జారిపోబోయే తాజా ఇంధనాన్ని తిరిగి సిలిండరులోకి నెట్టుతుంది. ఆ గొట్టం కూడా ఇంజనులో ఒక భాగమే. దానిని పాడుచేస్తే మోత పెరుగుతుంది, బలం తరుగుతుంది.

పెద్ద మోత ప్రాణాలు కాపాడుతుందన్నది మరొక వాదం. 1981లో అమెరికాలో వెలువడిన హర్ట్ నివేదిక లాస్ ఏంజెలిస్ ప్రాంతపు మోటారుసైకిలు ప్రమాదాలను పరిశీలించింది. ప్రమాద కారణాలలో నాలుగింట మూడు వంతులకు పైగా బండి ముందువైపునే ఉన్నట్లు అది తేల్చింది. పొగగొట్టమో, వెనుకకు తిరిగి ఉంటుంది.

బిగించే విధానం

సైలెన్సరు మార్పు రెండు రకాలు. చివరి డబ్బాను మాత్రమే మార్చడం మొదటిది. దీనిని స్లిప్‌ఆన్ అంటారు. సిలిండరు తల నుంచి గొట్టమంతా మార్చడం రెండవది. ఆక్సిజన్ సెన్సరు గల నేటి బండ్లలో మొదటి రకపు చిన్న తేడాను కంప్యూటరు చాలావరకు సర్దుకోగలదు. రెండవ రకానికి ఇంధనపు పాలు మళ్లీ సరిచేయవలసి వస్తుంది. పాత కార్బ్యురేటరు బండ్లలో జెట్టు మార్చవలసి రావచ్చును. ఇంధనం తక్కువై గాలి ఎక్కువైతే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. బండిని స్టాండుపై నిటారుగా నిలపాలి. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పట్టించి కొంతసేపు ఆగాలి. క్లాంపును వదులు చేసి, డబ్బాను ఒక చేత్తో ఆనించి పట్టుకొని, వేలాడదీసిన బోల్టు విప్పాలి. తరువాత అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. అతుకు వద్ద ఉన్న మసిని తుడిచి, పాత గాస్కెట్టు బదులు కొత్తది వేయాలి.

కొత్త డబ్బాను ఎక్కించి, బోల్టులన్నీ మొదట చేతితోనే తిప్పి వదులుగా ఉంచాలి. రబ్బరు బుష్షులు వంకరపోకుండా సరిచూడాలి. చక్రం పైకి లేచినప్పుడు కూడా టైరు గాని, బ్రేకు గొట్టం గాని డబ్బాకు తగలకూడదు. ఆ పిమ్మట ఇంజను వైపు నుంచి మొదలుపెట్టి వెనుకకు వస్తూ, తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగించాలి. ఒక కొసను ముందే గట్టిగా బిగిస్తే లోహం బిగదీసుకుపోయి, అదురుకు కొన్నాళ్లలో పగులుతుంది. చివరగా వేలిముద్రలు తుడవాలి. లేకుంటే వేడికి ఆ మరకలు శాశ్వతమవుతాయి.

ఇంజనును గరాజులో మాత్రం స్టార్టు చేయరాదు. షాంటిలీ ఇళ్లలో చాలావాటికి గరాజు ఇంటికి అతుక్కొని ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపు సందులలోంచి అది పడకగదికి చేరగలదు. చలికాలమైనా బండిని ఆరుబయటికి తెచ్చి పరీక్షించాలి. అతుకు వద్ద ఫుస్ఫుస్ మన్నా, నల్లని మసి చార కనిపించినా అక్కడ కారుతున్నట్లే. మొదటి సవారీ తరువాత, బండి చల్లారాక బోల్టులు మరొకసారి సరిచూడాలి.

చట్టమూ, చెవీ

అమెరికా సమాఖ్య నిబంధనల ప్రకారం 1986 నుంచి తయారైన రోడ్డు మోటారుసైకిళ్ల మోత, 50 అడుగుల దూరంలో కొలిచినప్పుడు 80 డెసిబెళ్లు మించరాదు. ఆ నియమానికి లోబడిన సైలెన్సరుపై ఆ సంగతి చెక్కి ఉంటుంది. కొనే ముందు చూడవలసినది మెరుగు కాదు, ఆ ముద్ర. పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టరును తీసివేయడం వాయు పరిశుద్ధతా చట్టానికి విరుద్ధం. వర్జీనియా చట్టం కూడా మితిమీరిన మోతను నిషేధిస్తున్నది. సెలవులకు స్వదేశం వెళ్లేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. 1989 నాటి భారత కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 120వది సైలెన్సరు తప్పనిసరి అంటున్నది.

డెసిబెళ్ల లెక్క కూడికల లెక్క కాదు. 10 డెసిబెళ్లు పెరిగితే ధ్వని తీవ్రత పదింతలవుతుంది. 85 డెసిబెళ్ల మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చునని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పరిమితి సూచించింది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెళ్ల వద్ద మిగిలేది 15 నిమిషాలే. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ మొలవవు. ఆ మోతకు అందరికన్నా దగ్గరగా ఉండేది బండి నడిపేవాడే.

కనుక తల్లిదండ్రులు ఒట్టి మాటగా వద్దనవలసిన పని లేదు, పిల్లలు అలగవలసిన పని లేదు. ముద్ర ఉన్న సైలెన్సరు తెచ్చి, ఇద్దరూ కలిసి ఆరుబయట బిగించవచ్చును. తండ్రి డబ్బా పట్టుకుంటే కొడుకు బోల్టు తిప్పవచ్చును. బండి వీధి మలుపు దాటిన తరువాత పక్కింటి ఉయ్యాలలోని పసిబిడ్డ నిద్ర చెడకుండా ఉంటే, ఆ పని సరిగా జరిగినట్లు.