దువ్వూరి సుబ్బారావు గారు – వడ్డీ రేటు పాఠము

మన జంగారెడ్డిగూడెములో పొగాకు వేలము జరుగు దినములలో రైతుల నోట తరచుగా వినవచ్చు మాటలు రెండు: ధర యెంత పలికినది, అప్పుకు వడ్డీ యెంత. వడ్డీవ్యాపారి మాట వేరు గాని, బ్యాంకు వడ్డీ హెచ్చుతగ్గులకు మూలము ముంబయిలోని రిజర్వు బ్యాంకులో నున్నది. అచ్చట ఐదేండ్లు గవర్నరుగా నుండిన డాక్టరు దువ్వూరి సుబ్బారావు గారు 1949లో మన పొరుగున నున్న ఏలూరులో జన్మించిరి.

వీరు మొదట భౌతికశాస్త్ర విద్యార్థి. ఖరగ్‌పూరు, కాన్పూరు ఐ.ఐ.టి.లలో చదివి, 1972లో ఐ.ఎ.ఎస్. పరీక్షలో దేశమున ప్రథములైరి. అర్థశాస్త్రమును పిమ్మట అమెరికాలోని ఒహాయోలో అభ్యసించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందిరి. రాష్ట్ర ఆర్థిక కార్యదర్శిగా, ప్రపంచ బ్యాంకులోను పనిచేసి, 2007లో కేంద్ర ఆర్థిక కార్యదర్శియైరి. చింతామణి దేశముఖ్ (మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ గారి భర్త), మన్మోహన్ సింగు గార్లవలె వీరు ఆర్థిక మంత్రి కాలేదు. కాని ఆ మంత్రిత్వశాఖనుండియే తిన్నగా రిజర్వు బ్యాంకునకు వచ్చిరి. తరువాతి కథకు ఈ సంగతి ముఖ్యము.

2008 సెప్టెంబరు 5న పదవి స్వీకరించిరి. సరిగా పదిదినములకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ కూలినది. బ్యాంకును బ్యాంకు నమ్మని స్థితి వచ్చి, ఇచ్చట కూడ రొక్కమునకు కటకట యేర్పడెను. అప్పుడు వీరు రెపో రేటును, అనగా బ్యాంకులు ప్రభుత్వ పత్రముల హామీపై రిజర్వు బ్యాంకునుండి తెచ్చుకొను స్వల్పకాలపు అప్పు వడ్డీని, 9 శాతమునుండి 2009 ఏప్రిలు నాటికి 4.75కు దించిరి.

గండము గడచినది గాని ధరలు మండసాగినవి. 2010 మార్చి మొదలు 2011 అక్టోబరు వరకు పదుమూడు మారులు రేటు పెంచి 8.5కు చేర్చిరి. అప్పు ప్రియమైన కొలది కొనుగోలు తగ్గును, ధర నెమ్మదించును. దానితోపాటు పరిశ్రమయు మందగించును. కూరగాయల ధర వడ్డీతో దిగునా యని విమర్శకులు అడిగిరి. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. అయినను ఉద్యోగికి కరువు భత్యము కలదు. నారు నాటు కూలీకి ఏమి కలదు? ఆమె పక్షమున ఢిల్లీలో అర్జీ పెట్టువారు లేరు. ఈ కారణముచేత మేము గవర్నరు వైపే మొగ్గుచున్నాము.

2012 అక్టోబరులో రేటు తగ్గింపనందున ఆర్థిక మంత్రి చిదంబరము గారు, ఒంటరిగా నడువవలసి వచ్చిన ఒంటరిగానే నడతుమని బహిరంగముగా పలికిరి. నిన్నటి తన కార్యదర్శిని గూర్చియే ఆ మాట! 2013 ఆగస్టు చివర, రూపాయి డాలరుకు 68 దాటిన వారముననే, సుబ్బారావు గారు ముంబయిలో పదవీ విరమణకు ముందటి ప్రసంగము చేసిరి. రేట్ల పెంపు మరికొంత ముందుగా, మరికొంత వేగముగా జరిగియుండవలసినదని దాపరికము లేక ఒప్పుకొనిరి. మంత్రిగారి నడకను గూడ మరువలేదు: రిజర్వు బ్యాంకుతో విసిగి ఒంటరిగా నడువబోయినను, అది యున్నందుకు దేవునికి కృతజ్ఞుడనని వారు ఒకనాడు అందురని ఆశించుచున్నట్లు చెప్పిరి.