పెరటి తోట: మనమున్న చోటి వానను చదువుట



ఈ పాఠము ఉద్దేశము: తామున్న ఊరి ఎండను, వానను గమనించి, ఏడాది పొడవునా ఏదో ఒక కూర కోసికొనగల చిన్న పెరటి తోటను వేసికొనుట.

1. నేను చేసిన పొరపాటు

1986లో ఉద్యోగరీత్యా గుంటూరు జిల్లా నుండి అప్పటి మద్రాసుకు వచ్చాము. బయలుదేరేటప్పుడు మా నాయన తన చేతితో రాసిన కార్తెల పట్టిక ఇచ్చారు. మృగశిరలో బీర, బెండ విత్తమని అందులో ఉన్నది. జూన్ నెలలో అలాగే విత్తాను. మొలకలు వచ్చాయి గాని, ఒకటి రెండు జల్లులు తప్ప వాన లేదు. పడమటి పొడిగాలికి అన్నీ వాడిపోయాయి. పట్టుదలతో అక్టోబరు చివర టమాట నారు నాటాను. నవంబరు వానలకు నీరు నిలిచి అది కుళ్ళిపోయింది.

పక్కింటి తమిళ పెద్దమ్మ గోడ మీదుగా చూచి, "ఆడి నెల దాకా ఆగవలసింది తంబీ" అన్నది. ఆడి అనగా జూలై మధ్య నుండి ఆగస్టు మధ్య వరకు. నాకు చిన్నతనముగా తోచింది. మా నాయన లెక్క తప్పా అని మనస్సు నొచ్చుకున్నది. తరువాత తెలిసింది: లెక్క తప్పు కాదు, అది మా ఊరి వాన లెక్క. చెన్నైలో ఏడాదికి ఇంచుమించు 1400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సగముకంటె ఎక్కువ అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే పడుతుంది. అక్కడ తొలకరి లెక్క ఇక్కడ చెల్లదు.

2. స్థలము, మట్టి

గునపము పట్టకముందు ఒక రోజు ఎండను చూడవలెను. ఉదయము 8 గంటలకు, మధ్యాహ్నము 12కు, సాయంత్రము 4కు ఎండ ఎక్కడ పడుచున్నదో సుద్దముక్కతో గీయండి. వంగ, టమాట, బెండ వంటి కాయ మొక్కలకు కనీసము ఆరు గంటల ఎండ కావలెను. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి. శీతాకాలములో సూర్యుడు దక్షిణమునకు వాలును, నీడ ఉత్తరమునకు పడును. గనుక బీర, సొర, చిక్కుడు పందిరి ఉత్తరపు అంచున వేస్తే మిగతా మొక్కలకు ఎండ అడ్డు రాదు. బియ్యము, కూరలు కడిగిన నీరు పోయే చోట అరటి, చేమ పెట్టవచ్చును. సబ్బు నీరు మాత్రము వద్దు.

మునగ కొమ్మ పెళుసు. మేము ఇంటి చూరుకు దగ్గరగా నాటిన మునగ 2016 డిసెంబరు 12న వచ్చిన వర్ధా తుపానుకు విరిగి పెంకుల మీద పడింది. మునగను ఇంటికి దూరముగా నాటి, ఏటా కొమ్మలు నరికి పొట్టిగా ఉంచవలెను.

తొట్లకైతే ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలపండి. పచ్చి పేడ వేయరాదు, వేర్లు మాడును. సముద్రతీరపు ఇసుక నేలకు ఎరువు ఎక్కువ కావలెను. షోలాపూర్ వైపు నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు గనుక మడిని జానెడు ఎత్తు లేపి నాటవలెను.

3. కాలము వెంట పని

వేసవి: మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరచి, పొద్దున లేక సాయంత్రము నీరు పోయండి. తోటకూర 25, 30 రోజులలో కోతకు వస్తుంది. ఖాళీ మడిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుండి ఆరు వారాలు ఉంచితే ఆ వేడికి కలుపు విత్తనాలు, తెగుళ్ళు చాలవరకు నశించును. నీటి ఎద్దడి ఉన్నచోట చిన్న మట్టికుండను మెడ దాకా పాతి నీరు నింపితే, అది ఊరి వేళ్ళకు అందును.

వర్షాకాలము: బీర, సొర, పొట్ల, కాకర, బెండ, గోంగూర. బరంపురం, షోలాపూర్, యానాంలలో తొలకరి నిలకడగా పడిన తరువాత విత్తవచ్చును. చెన్నైలో ఆడిలో విత్తి, అక్టోబరు పెద్దవానకు ముందే మొక్క నిలదొక్కుకొనునట్లు చూడవలెను. బెంగళూరులో మే నుండి అక్టోబరు దాకా వాన ఉండును. ఎండ తీవ్రత తక్కువ గనుక అక్కడివారికి వెసులుబాటు ఎక్కువ.

పందిరి చిక్కుడు సంగతి వేరు. పాత నాటు రకాలు పగలు పొట్టి అయినప్పుడే పూస్తాయి. జూలై, ఆగస్టులలో విత్తితే శీతాకాలములో కాయ. వేసవి ముందు విత్తితే ఆకు తప్ప ఏమీ ఉండదు.

శీతాకాలము: టమాట, వంగ, మిరప, ముల్లంగి, క్యాబేజీ, కొత్తిమీర. నారు 25, 30 రోజులకు నాటుటకు సిద్ధమగును. చెన్నైవారు నారును నవంబరులో చూరు క్రింద పోసి, వాన నెమ్మదించిన తరువాత డిసెంబరులో నాటవలెను. తూర్పుతీరమున అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. పందిరి గుంజలు అంతకుముందే బిగించుకొనండి.

పేనుబంక పట్టితే, 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రము చల్లండి.

4. పిల్లలు, పేర్లు

గోంగూరను కన్నడిగులు పుండి అంటారు, తమిళులు పుళిచ్చ కీరై అంటారు, మరాఠీవారు అంబాడి అంటారు. మా మనుమరాలికి ఈ ఆకు తమిళపు పేరుతోనే తెలుసు. ఇప్పుడు ప్రతి మడి దగ్గర తెలుగు పేరు రాసిన పలక గుచ్చాము. తానే విత్తి, తానే కోసి తెచ్చిన దానిని ఆమె "గోంగూర" అనే పిలుస్తున్నది. బడిలో దొరకని తెలుగు కొంత పెరటిలో దొరుకును.

మా నాయన పట్టిక నేటికీ గోడమీద ఉన్నది. దాని ప్రక్కనే నా నోటు పుస్తకము వ్రేలాడుచున్నది. ఆయన తన ఊరి ఆకాశమును చూచి రాసికొన్నారు. నేను ఈ ఊరి ఆకాశమును చూచి రాసికొనుటకు చాలా సంవత్సరాలు పట్టింది. ఆయన వద్ద నేర్చుకొనవలసినది తేదీలు కావు, చూచి రాసికొనే అలవాటు.

అభ్యాసము

1. మీ ఊరిలో ఎక్కువ వాన ఏ నెలలలో పడును? ఇరుగుపొరుగు పెద్దలను అడిగి రాయండి.
2. మీ పెరటిలో గాని, డాబా మీద గాని ఆరు గంటల ఎండ పడే చోటును గుర్తించండి.
3. ఒక నోటు పుస్తకములో నెలకొక పుట కేటాయించి విత్తిన తేదీ, మొలచిన తేదీ, మొదటి కోత, చచ్చిపోయిన మొక్కలు రాయండి. చచ్చినవాటిని దాచవద్దు, పై ఏడాదికి పాఠము చెప్పేవి అవే.
4. ఇంటిలోని పిల్లలచేత ఐదు కూరగాయల పేర్లు తెలుగులోను, మీరున్న చోటి భాషలోను రాయించండి.