కంచులో నిలిచిన పేరు
నూర్ ఇనాయత్ ఖాన్ స్మారక విగ్రహం – ఒక పాఠం

నగరంలో విగ్రహాలకు కొదవ లేదు. నిత్యం వాటి ముందుగానే నడిచిపోతాము. ఆ వ్యక్తి ఎవరో, విగ్రహం ఎవరి సంకల్పంతో వెలిసిందో తెలుసుకునేవారు తక్కువ. ఒక విగ్రహం వెనుక ఎంత శ్రమ, ఎంత బాధ్యత ఉంటాయో లండన్‌లోని ఒక చిన్న కంచు ప్రతిమ ద్వారా ఈ పాఠంలో గ్రహిద్దాం.

వ్యక్తి

నూర్ ఇనాయత్ ఖాన్ 1914 జనవరి 1న మాస్కోలో జన్మించింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు, తల్లి అమెరికన్. తండ్రి వైపున ఆమె మైసూరు పాలకుడు టిపూ సుల్తాన్ వంశీకురాలు. శ్రీరంగపట్నం చూసి వచ్చిన కర్ణాటక తెలుగువారికి ఆమె పూర్తిగా పరాయి మనిషి కాదు.

ఆమె పారిస్ సమీపంలో పెరిగింది. వీణను పోలిన హార్ప్ వాద్యం నేర్చింది, శిశు మనస్తత్వశాస్త్రం చదివింది. జాతక కథలను బాలల కోసం ఆంగ్లంలో తిరిగి చెప్పగా 1939లో అవి పుస్తకంగా వెలువడ్డాయి. అహింసను బోధించిన ఇంట పెరిగిన ఆ యువతి, 1940లో ఫ్రాన్సు నాజీల వశం కాగానే ఇంగ్లండు చేరి, వైమానిక దళపు మహిళా విభాగంలో వైర్‌లెస్ శిక్షణ పొందింది.

1943 జూన్‌లో బ్రిటిష్ రహస్య సంస్థ ఆమెను ఫ్రాన్సుకు పంపింది. శత్రువు ఆక్రమించిన ఆ దేశంలోకి ఆ సంస్థ పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమెయే. కొద్ది రోజులకే తోటి సభ్యులు వరుసగా పట్టుబడ్డారు. తిరిగి వచ్చెయ్యమని అధికారులు కోరినా ఆమె అంగీకరించలేదు. తాను వస్తే పారిస్ నుండి లండన్‌కు సందేశాలు పంపేవారు ఉండరన్నదే కారణం. బరువైన యంత్రం ఉన్న పెట్టెను మోసుకుంటూ, నివాసాలు మారుస్తూ మూడు నెలలకు పైగా పనిచేసి, అక్టోబరులో ఒక ద్రోహం మూలంగా పట్టుబడింది.

జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ చెరసాలలో ఆమెను సంకెళ్లతో ఏకాంతంలో ఉంచారు. అన్నం తినే గిన్నె మీద ఆమె తన లండన్ చిరునామాను గీసింది: టావిటన్ వీధి, 4వ నంబరు ఇల్లు. తాను ఎవరో, ఎక్కడిదో ఎవరికైనా తెలియాలన్నదే ఆమె ఆశ. 1944 సెప్టెంబరు 13న డాఖౌ నిర్బంధ శిబిరంలో మరి ముగ్గురు స్త్రీలతోపాటు ఆమెను కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయస్సు 30 ఏళ్లు. 1949లో బ్రిటన్ ఆమెకు మరణానంతరం జార్జ్ క్రాస్ పతకం ప్రకటించింది.

విగ్రహం

పతకం వచ్చినా బహిరంగ స్థలంలో ప్రతిమ వెలియడానికి మరి ఆరు దశాబ్దాలు పట్టింది. ఆమె జీవితచరిత్ర రాసిన శ్రాబణి బసు చొరవతో ఒక స్మారక నిధి ఏర్పడింది. ప్రజల నుండి విరాళాలు సేకరించారు. స్థలంగా గోర్డన్ స్క్వేర్ ఉద్యానాన్ని ఎంచుకున్నారు. గిన్నె మీద గీసిన చిరునామా అక్కడికి నాలుగు అడుగుల దూరమే. శిల్పి కారెన్ న్యూమన్ మలచిన ముఖప్రతిమను 2012 నవంబరు 8న రాకుమారి ఆన్ ఆవిష్కరించారు.

కంచు ప్రతిమ ఎలా తయారవుతుంది?

కంచు రాగి, తగరాల మిశ్రమం. అందులో రాగి పాలే అధికం. శిల్పి ముందుగా ఛాయాచిత్రాలను పరిశీలించి బంకమట్టితో రూపం మలుస్తారు. దానిపై అచ్చు తీసి, అచ్చులో మైనం పూసి మైనపు ప్రతిమ చేస్తారు. మైనానికి వేడిని తట్టుకునే పూత కట్టి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో 1,000 డిగ్రీల సెల్సియస్ దాటిన కరిగిన లోహాన్ని పోస్తారు. చల్లారాక పూత పగలగొట్టి, అతుకులు అరగదీసి, రసాయనాలతో వర్ణం కల్పిస్తారు.

మన శిల్పశాస్త్రాలు దీనినే మధూచ్ఛిష్ట విధానం అన్నాయి, మధూచ్ఛిష్టమంటే తేనెమైనం. తమిళనాడులోని స్వామిమలై స్థపతులు నేటికీ ఈ విధానంలోనే మూర్తులను పోస్తున్నారు. అక్కడ మైనపు మూర్తినే నేరుగా చేతితో మలుస్తారు. కనుక ఒక మూర్తిని అచ్చంగా పోలిన మరొక మూర్తి రాదు.

పౌరులు గమనించవలసినవి

ప్రజా రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాల స్థాపనకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల విగ్రహం తలపెట్టేవారు మొదట స్థలం ఎవరిదో తేల్చుకోవాలి, లిఖితపూర్వకమైన అనుమతి పొందాలి, జమాఖర్చులు బహిరంగపరచాలి, శుభ్రత, మరమ్మతుల భారం ఎవరిదో ముందే నిర్ణయించాలి. పలు భాషలవారు నివసించే నగరంలో ఫలకంపై ఏయే లిపులు ఉండాలన్నదీ ఆలోచించవలసిన విషయమే.

2020లో టావిటన్ వీధిలోని ఆ ఇంటి గోడపైనా స్మారక ఫలకం వెలిసింది. చీకటి గదిలో ఒక ఖైదీ గిన్నె మీద గీసుకున్న చిరునామాను ఇప్పుడు దారిన పోయేవారు ఎవరైనా చదవవచ్చు.

ఆలోచించండి

1. తిరిగి రావడానికి అవకాశం ఉన్నా నూర్ ఎందుకు నిరాకరించింది?
2. ప్రతిమకు స్థలాన్ని ఎంచుకోవడంలో ఏ ఔచిత్యం పాటించారు?
3. మీ వార్డులోని ఒక విగ్రహం ఎవరిది, ఎప్పుడు, ఎవరు నెలకొల్పారు? ఫలకం చదివి, ఇంట్లోని పిల్లలకు వివరించండి.