కోత పడిన వడ్డీ
(అంగవైకల్య పరిహారం – ఆదాయపు పన్ను – ఒక లెక్క)

బి.ఎస్సి. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

ప్రమాదంలో కాలో చెయ్యో పోయినవానికి వచ్చే పరిహారం లాభం కాదు, నష్టానికి పూడిక మాత్రమే. ఈ మాట అందరూ ఒప్పుకుంటారు. మరి ఆ డబ్బులోంచి ఆదాయపు పన్ను పేరిట కొంత ఎలా కోసుకున్నారు? బీమా కంపెనీలకూ బాధితులకూ మధ్య ఏళ్ల తరబడి నడిచిన తగాదా ఇది. న్యాయశాస్త్రం నా చదువు కాదు. అయినా ఇందులో సగం లెక్కలే కనుక సైన్సు విద్యార్థిగా సాహసిస్తున్నాను.

పరిహారం ఎలా కడతారు?

రోడ్డు ప్రమాద బాధితులు 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకుంటారు. సంపాదన నష్టం కట్టడానికి ముఖ్యమైనవి మూడు: ఆదాయం, వయసును బట్టి గుణకం, సంపాదన శక్తిలో పోయిన శాతం. గుణకాల పట్టికను సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో స్థిరపరిచింది. 21–25 ఏళ్లకు 18, 36–40 ఏళ్లకు 15, 56–60 ఏళ్లకు 9. స్వయంగా సంపాదించుకునే వ్యక్తి వయసు 40 లోపు అయితే, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద మరో 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది.

ఇక శాతం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. డాక్టరు సర్టిఫికెట్‌లో వేసే శాతమూ, సంపాదనలో పోయే శాతమూ ఒకటి కావని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఎడమచెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవవచ్చు. మా రైతుల సంగతే చూడండి. మోకాలు వంగని మనిషి కొట్లో కూర్చుని బేరం చెయ్యగలడు గాని, దమ్ము చేసిన మడిలో దిగలేడు, గట్టుమీద మోపు మొయ్యలేడు. తన పని ఎలాంటిదో సాక్ష్యంలో విడమరచి చెప్పుకోకపోతే సర్టిఫికెట్ అంకెతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతు వయసు 38, నెలకు ఆదాయం రూ. 6,000. 2013లో దరఖాస్తు, 2018లో తీర్పు. డాక్టరు రాసింది 40 శాతం. వ్యవసాయపు పని చూసి ట్రిబ్యునల్ నిర్ణయించింది 50 శాతం అనుకుందాం.

ఏడాది ఆదాయం: రూ. 72,000
40 శాతం కలిపితే: రూ. 1,00,800
గుణకం 15తో: రూ. 15,12,000
అందులో 50 శాతం: రూ. 7,56,000
6 శాతం వడ్డీ, ఏడాదికి: రూ. 45,360
అయిదేళ్లకు: రూ. 2,26,800

పేచీ ఎక్కడ?

అసలు రూ. 7,56,000 మీద పన్ను లేదు. పేచీ అంతా వడ్డీ దగ్గరే. 1961 ఆదాయపు పన్ను చట్టం 194ఎ సెక్షను ప్రకారం ఈ రకం వడ్డీ ఒక ఆర్థిక సంవత్సరంలో రూ. 50,000 దాటితే, చెల్లించేవారు 10 శాతం మినహాయించుకోవాల్సి ఉండేది. పాన్ నెంబరు ఇవ్వకపోతే 20 శాతం.

కంపెనీ వాదన: "చెక్కు ఇచ్చింది ఈ ఏడాదే కనుక మొత్తం వడ్డీ ఈ ఏడాదిదే." బాధితుని వాదన: "ఇది అయిదేళ్ల వడ్డీ, ఏడాదికింతని పంచండి." పంచితే ఏడాదికి రూ. 45,360, పరిమితి దాటదు, కోతే లేదు. కుప్పగా చూస్తే రూ. 22,680 కోత. పాన్ లేకపోతే రూ. 45,360, అంటే సరిగ్గా ఒక ఏడాది వడ్డీ గల్లంతు!

ఏళ్లవారీగా పంచాలని గుజరాత్ హైకోర్టు 2006లో చెప్పింది. అయితే వడ్డీ చేతికొచ్చిన ఏడాదే ఆదాయంగా లెక్కించాలని 2010 నుంచి అమలైన సవరణ కంపెనీల వాదనకు బలమిచ్చింది. దరఖాస్తు నాటి నుంచి తీర్పు వరకు వచ్చే వడ్డీ పరిహారంలో భాగమే, దానిపై పన్ను లేదని 2019లో బాంబే హైకోర్టు తీర్పు చెప్పింది.

విచిత్రమేమంటే, పై ఉదాహరణలో రైతు నిజానికి కట్టాల్సిన పన్ను సున్నా. ఆ సవరణ ప్రకారమే వడ్డీలో సగం తీసేస్తే మిగిలేది రూ. 1,13,400. అప్పటి పన్ను పరిమితి రూ. 2,50,000. వ్యవసాయాదాయానికి పన్ను ఎలాగూ లేదు. కాని కోసిన డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వెయ్యాలి. జన్మలో రిటర్ను ముఖం చూడనివాడు, కర్ర ఊతంతో నడిచేవాడు, ఎన్నిసార్లు పట్నం తిరుగుతాడు? పన్ను బాకీ లేనివాడే పన్ను పోగొట్టుకున్నాడన్నమాట.

చివరకు 2026 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్‌లో, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వ్యక్తులకు ఇప్పించే వడ్డీకి పన్ను మినహాయిస్తామని, మూలంలో కోత కూడా ఎత్తివేస్తామని ప్రకటించారు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా ఈ ప్రతిపాదన చేశారు. ఆలస్యమైనా మంచిపని.

అయినా మన పని తీరిపోలేదు. పాత కేసుల్లో కోత పడినవారు మన ఊళ్లలో ఉండవచ్చు. తీర్పు నకలు, కంపెనీ ఇవ్వవలసిన 16ఎ ఫారం, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి కూడికలు తీసివేతలు చేస్తే ఎంత పోయిందో తెలిసిపోతుంది. ఇందుకు పెద్ద గణితం అక్కర్లేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క కుటుంబానికైనా ఈ లెక్క చేసిపెడితే, మన చదువు ఆ మేరకు ఊరికి పనికొచ్చినట్టే.