'అనోరెక్సియా' – శబ్దార్థ విచారము

అన్నముపై కోరిక సన్నగిల్లుటను, నశించుటను ఆంగ్ల వైద్యపరిభాషలో 'అనోరెక్సియా' యందురు. తెలుగున దీనికి ఆకలి లేమి, అరుచి, అరోచకము అను మాటలు పర్యాయములుగా వాడబడుచున్నవి. ఇవి నిజముగా ఏకార్థకములగునా యనునది విచార్యము.

ఈ పదము గ్రీకు భాషాజన్యము. 'అన్' అనునది అభావార్థకమగు ఉపసర్గము. సంస్కృతమునందలి నఞ్ అవ్యయమునకు సోదరము. 'ఒరెక్సిస్' అనగా కోరిక. దీనికి మూలమగు 'ఒరెగో' ధాతువునకు చేయి చాచుట యని అర్థము. హోమరు రచించిన ఇలియడ్ 6వ సర్గమున హెక్టరు తన బిడ్డకై చేతులు చాచిన ఘట్టమున ఈ ధాతువే ప్రయుక్తమైనది. లాటినునందలి 'రెగెరె', సంస్కృతమునందలి 'ఋజు' శబ్దము దీనితో ఏకమూలజములు. చాచుట యను దేహవ్యాపారము క్రమముగా మనోవ్యాపారమునకు సంక్రమించినది. అరిస్టాటిల్ 'ఒరెక్సిస్' శబ్దమును ఇచ్ఛాసామాన్యమునకు వాడెను. అన్నమునకు మాత్రమే పరిమితము చేయలేదు. ఆంగ్లమున ఈ పదము 16వ శతాబ్ది చివర ప్రవేశించినది. కావున దీని ధాత్వర్థము ఆకలి లేకుండుట కాదు. మనస్సు అన్నమునకై చేయి చాపకుండుట.

అరోచకమున ఉన్నది 'రుచ్' ధాతువు. ప్రకాశించుట, ప్రీతి కలిగించుట దాని యర్థములు. ఇచట దోషము రుచింపని అన్నముపరముగా చెప్పబడినది. ఆయుర్వేద వ్యాఖ్యాతలు ఈ విషయమున సూక్ష్మదృష్టి చూపిరి. నోట నిడిన అన్నము రుచింపకున్న అరోచకము. తలచినను, చూచినను ఏవగింపు కలిగిన భక్తద్వేషము. కోపభయాదులచే అన్నమునందు ఇచ్ఛయే పుట్టకున్న అభక్తచ్ఛందము. ఇందు భక్తమనగా అన్నము, ఛందమనగా ఇచ్ఛ. గ్రీకు పదమునకు అర్థమునందును, నిర్మాణమునందును సన్నిహితమైనది ఈ కడపటి పదమే.

తెలుగు వ్యవహారమునను ఈ భేదము లేకపోలేదు. 'ఆకలి యగుచున్నది గాని అన్నము సయింపదు' అను వాక్యమున ఆకలి వేఱు, అన్నహితవు వేఱు. మొదటిది కడుపుది, రెండవది నోటిది, మనసుది.

ఈ వివేచనమునకు వ్యావహారిక ప్రయోజనము కలదు. 1873లో లండనున విలియం గల్, పారిసున లాసెగ్ ఒక మానసిక వ్యాధిని వర్ణించిరి. గల్ వ్యాసము 1874లో ప్రకటితమై, ఆ వ్యాధికి 'అనోరెక్సియా నెర్వోసా' యను పేరు స్థిరపడినది. అయితే ఈ వ్యాధిగ్రస్తులలో పలువురకు ఆకలి నశింపదు. బరువు పెరుగుదుమను తీవ్రభయముచే వారు దానిని అణచుకొందురు. ఆంగ్లనామమే ఇచట అన్వర్థము కాదు. దానిని 'ఆకలి లేమి వ్యాధి' యని తెనిగించినచో దోషము రెట్టింపగును. ఆకలి యున్నదని చెప్పిన రోగికి ఆ వ్యాధి లేదని చదువరి భ్రమపడును. ప్రాణాపాయకరమగు వ్యాధి గుర్తింపబడకపోవచ్చును.

కావున సామాన్యలక్షణమునకు శాస్త్రగ్రంథములందు అభక్తచ్ఛందమును, జనసామాన్యమునకై వ్రాయునపుడు అన్నహితవు లేకపోవుట యనుటయు యుక్తము. మానసిక వ్యాధికి మాత్రము అన్యదేశ్యనామమునే నిలిపి, లక్షణమును వివరించుట మేలు.